తొండి ఎవరిది? తీర్పు ఎవరిది?

ఆన్‌లైను వీడియో ఆటల్లో జరిగే తొండిని గురించి, అందులోకి కృత్రిమ మేధ ప్రవేశించటాన్ని గురించి మన విమర్శకులు ఇంతవరకు పట్టించుకోలేదు. అది పిల్లకాయల వ్యవహారమని వారి వుద్దేశం కాబోలు. ఒకప్పుడు బుర్రకథను గురించి కూడా పండితులు ఇట్లాగే అనుకున్నారు. ప్రజానాట్యమండలి దాన్ని చేతబట్టి వూరూరా తిరిగిన తరవాత గాని దాని బలం వారికి తెలిసిరాలేదు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించేనాటికి ఆ పేరు వినని తెలుగు పల్లె అరుదు. మన విద్యార్థుల రాత్రుళ్ళు చాలావరకు ఈ ఆటల్లో గడుస్తున్నాయి. ఇంతమంది యువకుల తీరిక ఎక్కడ ఖర్చవుతున్నదో, అక్కడ ఎట్లాంటి న్యాయం నడుస్తున్నదో విచారించటం అభ్యుదయ విమర్శకుడి పని కాకపోతే మరెవరి పని?

ఈ విషయం మీద రెండు వాదాలు తరుచు నా చెవిన పడుతున్నాయి. మొదటిది పెద్దమనుషుల వాదం. యువతరం చెడిపోయింది, మోసం మరిగింది, కంపెనీలు మరింత కట్టుదిట్టమైన కాపలా పెట్టి వీళ్ళను పట్టి వెళ్ళగొట్టాలి అని వారంటారు. రెండోది మనలోనే కొందరు యువమిత్రుల వాదం. ఈ ఆటలు పెట్టుబడిదారుల సొత్తు గనుక వాటిలో తొండి చేయటం ఒక విధమైన తిరుగుబాటు, కంపెనీకి తగిలిన దెబ్బ అని వీరంటారు. రెండు వాదాలూ తప్పే. ఆటలో శ్రమ ఎవరిది, ఆ శ్రమ మీద అధికారం ఎవరిది అన్న ప్రశ్నను రెండూ వేసుకోవు. ఆ ప్రశ్న వేసుకోనివాడు తొండిని సమర్థించినా, ఖండించినా ఒకటే.

తొండి కొత్తది కాదు. చెడుగుడులో కూత తెగినా తెగలేదనేవాడు, గోలీలాటలో బెత్తెడు ముందుకు జరిగి కొట్టేవాడు ప్రతి వూళ్ళోనూ వుండేవారు. కాని అక్కడ తొండి చేసినవాడూ, పట్టుకున్నవాడూ, తీర్పు చెప్పినవాళ్ళూ ఒకే దుమ్ములో నిలబడేవారు. కూత తెగిందన్నవాణ్ణి ఎక్కడ తెగిందని నిలదీయవచ్చు. చుట్టూ వున్నవారు తాము విన్నది చెబుతారు. తీర్పు తప్పయితే మర్నాడు అదే బరిలో దిద్దుకోవచ్చు. ఆన్‌లైను ఆటలో ఈ ముగ్గురూ మూడు చోట్లకు పోయినారు. తొండి సరుకును తయారుచేసి అమ్మేవాడొకడు, కొని వాడేవాడొకడు, తీర్పు చెప్పేది వేల మైళ్ళ అవతల వున్న కంపెనీ. నష్టపోయినవాడు వీరిలో ఎవరినీ చూడలేడు.

కంప్యూటరు తుపాకి ఆటల్లో అన్నిటికన్న ప్రసిద్ధమైన తొండి పేరు ఎయిమ్‌బాట్. గురి చూసే పనిని మనిషి చేతినుంచి తీసుకుని ప్రోగ్రామే చేస్తుంది. వాల్‌హ్యాక్ అనే మరొకటి గోడ వెనక దాగినవాణ్ణి చూపిస్తుంది. 1990ల చివరి నుంచీ ఇవి వున్నాయి. 1999 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ తన క్వేక్ ఆట మూల ప్రోగ్రామును బహిరంగపరచినప్పుడు ఆ ఆటలో తొండి వెల్లువెత్తింది. ఇట్లాంటి తొండికి అవకాశం ఎక్కడున్నదో చూడండి. గోడ వెనక శత్రువు ఎక్కడున్నాడో సర్వరు ముందే మన కంప్యూటరుకు చెప్పి వుంచుతుంది, అతను బయటికి రాగానే బొమ్మ గీయటం ఆలస్యం కాకూడదని. దాన్ని మనకు కనపడకుండా దాచవలసిన బాధ్యత మన కంప్యూటరుదే! పేక పంచేవాడు అందరి ముక్కలూ మన జేబులోనే పెట్టి, మీవి మాత్రమే చూసుకోండి అన్నట్టుగా వుంటుంది ఈ ఏర్పాటు. ఆ జేబును తడుముకునే ప్రోగ్రామే పాతరకం తొండి.

పాతరకం తొండిని పట్టటానికి ఒక దారి వుండేది. ఆట నడిచే కంప్యూటరులోనే, ఆట మెమరీలోనే అది చెయ్యి పెట్టాలి. ఆ చేతిని పట్టుకోవచ్చు. కృత్రిమ మేధ ఈ దారిని చాలావరకు మూసేసింది. ఇప్పుడు తెర మీది బొమ్మను మరో కంప్యూటరుకు మళ్ళిస్తారు. బొమ్మల్లో మనుషులను గుర్తించటం నేర్చిన న్యూరల్ నెట్‌వర్కు అక్కడ వుంటుంది. శత్రువు తల ఎక్కడున్నదో అది కనిపెట్టి, మౌసును గాని కంట్రోలరును గాని అటు తిప్పుతుంది. ఆట నడిచే యంత్రంలో దొరకటానికి ఏమీ వుండదు. దానికి అందేది మామూలు చేతి కదలికలాంటి సంకేతమే. 2021 జూలైలో యూజర్‌విజ్ అనే ఇట్లాంటి సాధనం, అప్పటిదాకా కొంత భద్రమనుకున్న ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్సుల మీద కూడా పనిచేస్తుందన్న ప్రచారం జరిగింది. యాక్టివిజన్ కంపెనీ జోక్యం చేసుకుని దాన్ని ఆపించింది.

ఆ ఒక్క సాధనాన్ని ఆపించగలిగారు గాని సూత్రాన్ని ఆపగలవారు లేరు. బొమ్మలోని వస్తువులను క్షణంలో గుర్తించే యోలో అనే పద్ధతిని జోసెఫ్ రెడ్మన్, ఆయన సహచరులు 2015లో ప్రకటించారు. ఎవరైనా తెచ్చుకుని వాడుకోవచ్చు. తన పనిని సైన్యాలు ఎట్లా వాడుకుంటున్నాయో, మనుషుల ఏకాంతానికి దానివల్ల ఎంత ప్రమాదమో చూసి 2020 ఫిబ్రవరిలో రెడ్మన్ ఆ రంగంలో పరిశోధనే మానుకున్నట్టు ప్రకటించాడు. నిజమైన యుద్ధంలో మనిషిని గుర్తించటానికి పనికివచ్చే విద్యే బొమ్మ యుద్ధంలోనూ పనికివస్తున్నది. ఇది ఏదో వీధి చివర దొంగ కనిపెట్టిన విద్య కాదు. విశ్వవిద్యాలయాల్లో పుట్టి, కంపెనీల్లో పెరిగిన విద్య.

దీని పర్యవసానాన్ని మనవాళ్ళు ఇంకా గ్రహించలేదు. యంత్రాన్ని సోదా చేస్తే ఏమీ దొరకనప్పుడు ఇక సోదా చేయవలసింది మనిషిని. ఇతని చెయ్యి ఇంత చురుకుగా ఎట్లా తిరిగింది? ఈ గురి మనిషికి సాధ్యమేనా? అనగా బాగా ఆడటమే అనుమానానికి ఆధారమవుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పటానికి కంపెనీ కూర్చోబెట్టింది మరొక న్యూరల్ నెట్‌వర్కును. తొండి చేసేదీ యంత్రమే, తొండి పట్టేదీ యంత్రమే. ఈ రెండు యంత్రాల మధ్య ఇరుక్కున్నవాడు, తాను మనిషినని రుజువు చేసుకోవలసిన బాధ్యత నెత్తిన పడ్డవాడు, ఆటగాడు.

ముందు తిరుగుబాటు వాదాన్ని చూద్దాం. ఈ తిరుగుబాటుదారులు ఎవరి మీద తిరగబడుతున్నారు? 2021 మార్చిలో చైనా పోలీసులు టెన్సెంట్ కంపెనీ సహకారంతో ఒక తొండి ముఠాను పట్టుకున్నారు. కోడికాలు అన్న పేరుతో నడిచిన ఆ ముఠా రోజుకు సుమారు 10 డాలర్ల నుంచి నెలకు 200 డాలర్లదాకా చందాలు వసూలు చేసి తన సరుకు అమ్మేది. పోలీసులు స్వాధీనం చేసుకున్న ఆస్తులు సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లు. అందులో ఖరీదైన కార్లు కూడా వున్నాయి. దీన్ని తిరుగుబాటు అంటే ఇక వడ్డీవ్యాపారాన్ని కూడా విప్లవం అనవచ్చు. తొండి ఈనాడు నెలసరి అద్దెకు దొరికే సరుకు. అద్దె కట్టినన్నాళ్ళు నైపుణ్యం వుంటుంది. అద్దె ఆగితే పోతుంది. డబ్బున్నవాడు, ఏళ్ళ తరబడి చెయ్యి తిప్పి నేర్చుకున్నవాణ్ణి ఒక్క రాత్రిలో దాటిపోవటానికి వేసుకున్న అడ్డదారి ఇది. ఇందులో పెట్టుబడిదారీ విధానానికి విరుద్ధమైనది ఏమున్నది? అది ఆ విధానపు ముద్దుబిడ్డ.

దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు ఆటగాడొకడు ఎయిమ్‌బాట్‌తో దొరికిపోయినాడు. ఆ ప్రోగ్రాముకు వర్డ్ అన్న అమాయకమైన పేరు పెట్టుకుని, నిర్వాహకుడు కంప్యూటరు దగ్గరికి రాగానే చెరిపేయబోయినాడు. అతన్ని అయిదేళ్ళు నిషేధించారు. సరే, చేసినవాడు అనుభవించాడు. కాని జట్టునే రద్దు చేశారు. ఏ పాపమూ ఎరగని తక్కిన ఆటగాళ్ళ జీవనాధారం ఒక్క రోజులో పోయింది. అమెరికాలోని ఆ కంపెనీకి పోయింది ఒక వ్యాపార ప్రయోగం మాత్రమే. తొండి కంపెనీని కొట్టదు, పక్కవాణ్ణి కొడుతుంది. పది గంటలు సాధన చేసిన తోటివాడి పది గంటలను దొంగిలిస్తుంది. ఇది శ్రమ దొంగతనం. దీన్ని ఏ అభ్యుదయవాదీ సమర్థించలేడు.

తొండి చేసేది పేదపిల్లలే అనుకునేవారికి మరో వుదాహరణ. 2021 జూన్‌లో కోవిడు సహాయనిధి కోసం విశ్వనాథన్ ఆనంద్ కొందరు ప్రముఖులతో ఆన్‌లైనులో చదరంగం ఆడాడు. వారిలో జెరోధా సంస్థ స్థాపకుల్లో ఒకడైన కోటీశ్వరుడు నిఖిల్ కామత్ ఆనంద్‌నే ఓడించాడు! ఆ తరవాత ఆట విశ్లేషకుల సహాయమూ, కంప్యూటర్ల సహాయమూ తీసుకున్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. చెస్.కామ్ కంపెనీ అతని ఖాతాను మూసింది. కొద్ది రోజుల్లోనే మళ్ళీ తెరిచింది. అవి రేటింగు లేని, బహుమతి లేని ఆటలని, ఆనంద్‌కు కూడా దాన్ని సాగదీసే వుద్దేశం లేదని కారణం చెప్పారు. వుదారత మంచిదే. ఆ వుదారతకు ఒక నియమం వుండాలని, అది అందరికీ వర్తించాలని మాత్రమే నేనంటాను.

ఈ మాట వూరికే అనటం లేదు. నేను పాఠం చెప్పే కళాశాలలో ఒక విద్యార్థి నాలుగేళ్ళుగా ఒక తుపాకి ఆటలో సాధన చేసి, చిన్నచిన్న పోటీల్లో గెలిచిన డబ్బుతో హాస్టలు ఖర్చులు వెళ్ళదీసుకునేవాడు. ఒకనాడు అతని ఖాతాను శాశ్వతంగా మూసేశారు. ఏ రోజు, ఏ ఆటలో, ఏ తప్పు చేశాడని అడిగితే, వివరాలు వెల్లడించటం కుదరదని, నిర్ణయం అంతిమమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అతని తరఫున నేను రాసిన వుత్తరానికి కూడా అవే రెండు వాక్యాలు వచ్చినాయి. ఆ కుర్రవాడు నిర్దోషి అని నేనిక్కడ వాదించటం లేదు. దోషి అయినా సరే, నేరం ఏమిటో తెలుసుకునే హక్కు అతనికి వున్నదంటున్నాను. జేబుదొంగకు వున్న హక్కు ఆటగాడికి ఎందుకు లేదు?

ఇక కాపలా వాదం. తొండిని కనిపెట్టే ప్రోగ్రాములు కంప్యూటరు పైపొరల్లో వుంటే తొండిగాళ్ళు లోపలిపొరల్లో దాగుతున్నారని, కాపలాదారును కూడా కర్నెల్ అనే అట్టడుగు పొరలోకి దించారు. ఆ పొరలో కూర్చున్న ప్రోగ్రాముకు కంప్యూటరులో చూడరానిదంటూ వుండదు. 2020లో రయట్ కంపెనీ వాలొరాంట్ ఆటతోపాటు తెచ్చిన వాన్‌గార్డ్ కంప్యూటరు తెరిచిన క్షణం నుంచీ, ఆట ఆడినా ఆడకపోయినా మేలుకుని వుంటుంది. 2024లో దాన్ని లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటకు కూడా తప్పనిసరి చేశారు. దానివల్ల పాతరకం తొండి కష్టమైందనీ, దాని ఖరీదు పెరిగిందనీ నేనూ ఒప్పుకుంటాను. కాని ఒక ఇంట్లో దొంగను పట్టటానికి వూళ్ళో అందరి ఇళ్ళ తాళంచెవులూ ఒకే కంపెనీ చేతిలో పెట్టమంటే ఆ కంపెనీ ఎట్లాంటిదో అడగక తప్పదు.

చరిత్ర ఏం చెబుతున్నదో చూడండి. 2013లో అమెరికాలో ఇ-స్పోర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అసోసియేషన్ అనే సంస్థ తన తొండి నిరోధక ప్రోగ్రాములోనే బిట్‌కాయిన్లు తయారుచేసే పని దూర్చి, సుమారు 14,000 మంది ఆటగాళ్ళ కంప్యూటర్లను వారికి తెలియకుండా వాడుకున్నట్టు బయటపడింది. న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెడితే రాజీ చేసుకున్నది. కాపలావాడే రాత్రిపూట మన ఎడ్లను కట్టి తన పొలం దున్నుకున్నాడన్నమాట. 2022లో గెన్‌షిన్ ఇంపాక్ట్ ఆట తొండి నిరోధక డ్రైవరును దోపిడి ముఠాలు చేజిక్కించుకుని, దానితోనే వైరసు నిరోధక ప్రోగ్రాములను చంపి, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజినట్టు ట్రెండ్ మైక్రో సంస్థ వెల్లడించింది. బాధితుడి కంప్యూటరులో ఆ ఆట వుండనక్కరలేదు. కంపెనీ సంతకమున్న ఆ ఒక్క డ్రైవరును తెచ్చి దించితే చాలు.

ఇంత అధికారమిచ్చినా కృత్రిమ మేధ తొండిని ఈ కాపలా పట్టగలదా? పైన చెప్పినట్టు ఆ తొండి మరో కంప్యూటరులో కూర్చుంటుంది. అట్టడుగు పొరదాకా దిగిన కాపలాదారుకు ఈ ఇంట్లో దొరికేది ఇంటివాడే. అందుచేత పట్టుబడేవారిలో తప్పుచేయనివారు కూడా వుంటున్నారు. 2023 అక్టోబరులో ఏఎండీ కంపెనీ తన గ్రాఫిక్సు డ్రైవరులో ఒక కొత్త సదుపాయం పెట్టింది. దాన్ని వాడినందుకు కౌంటర్ స్ట్రైక్ 2 ఆటగాళ్ళను తొండిగాళ్ళుగా లెక్కగట్టి నిషేధించారు. నేరం డ్రైవరుది, శిక్ష ఆటగాడిది. తరవాత నిషేధాలు ఎత్తివేస్తామన్నారు. ఎందుకంటే తప్పు చేసింది పెద్ద కంపెనీ గనుక, బాధితులు చాలామంది గనుక సంగతి దాగలేదు. 2024 అక్టోబరులో కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలోని రికోషే అనే నిరోధక వ్యవస్థలో లోపం వున్నదనీ, నిర్దోషులు నిషేధానికి గురి అయినారనీ యాక్టివిజన్ ఒప్పుకున్నది. దాన్ని వాడుకున్నానన్న ఒక హ్యాకరు చెప్పిన ప్రకారం, ట్రిగర్ బాట్ వంటి కొన్ని మాటలు కంప్యూటరు మెమరీలో కనపడితే చాలు, ఆ మనిషి దోషి! అందుచేత అతను గిట్టనివాడికి ఆ మాటలతో ఒక సందేశం పంపేవాడట. ఆ సందేశం అందుకోవటమే నేరం. కొద్దిమందికే అట్లా జరిగిందని కంపెనీ అన్నది. వేలమందికని హ్యాకరు అన్నాడు. ఎవరి లెక్క సరైనదో తేల్చే మూడోవాడు లేడు. నేను చెప్పదలచినది కూడా అదే.

ఈ తీర్పరి యంత్రం ఎవరి శ్రమతో తయారైందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2013లో వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్‌లో ఓవర్‌వాచ్ అనే జూరీ పద్ధతి పెట్టింది. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు ఫిర్యాదు వచ్చిన ఆటను తిరిగి చూసి, ఇది తొండి, ఇది కాదు అని తీర్పు చెప్పేవారు. జీతం లేదు, తమ ఆట శుభ్రంగా వుండాలన్న కోరికే జీతం. ఆ తీర్పులనే పాఠాలుగా పెట్టి వ్యాక్‌నెట్ అనే యంత్రానికి చదువు చెప్పినట్టు 2018లో ఆ కంపెనీ ఇంజనీరు జాన్ మెక్‌డొనాల్డ్ ఒక సభలో వివరించాడు. ఆటగాళ్ళు పంపిన ఫిర్యాదుల్లో జూరీ దోషమని తేల్చేది నూటికి 15 నుంచి 30. యంత్రం ఎంచి పంపినవాటిలో 80 నుంచి 95. ఇది గొప్ప ఫలితమే, నేను కాదనను. కాని 2023లో కొత్త కౌంటర్ స్ట్రైక్ వచ్చినప్పుడు ఆటగాళ్ళ జూరీ కనపడలేదు. వారివల్ల చదువుకున్న యంత్రం మాత్రం మిగిలింది. చేతిపనివాడి నేర్పును మగ్గంలోకి ఎక్కించుకుని, ఆ తరవాత చేతిపనివాణ్ణి బయటికి పంపిన కథ మనకు కొత్తదా? నేతగాళ్ళకు జరిగిందే ఇక్కడ న్యాయాధిపతులకు జరిగింది.

ఈ కంపెనీలకు యంత్రం ఆడటమంటేనే అసహ్యమా అంటే అదీ లేదు. 2019లో ఎపిక్ కంపెనీ ఫోర్ట్‌నైట్ ఆటలోకి తానే బాట్లను, అనగా మనుషుల్లా ఆడే ప్రోగ్రాములను ప్రవేశపెట్టింది. కొత్తగా వచ్చినవాడు వెంటనే చచ్చి విసిగిపోకుండా, నాలుగు గెలుపులు రుచి చూసి నిలబడాలని వుద్దేశం. ఎదుట నిలబడ్డది మనిషా బాటా అన్నది దాని పేరు మీద రాసి వుండదు. ఆటగాడు యంత్రాన్ని తెచ్చుకుంటే మోసం. కంపెనీ తెచ్చుకుంటే సేవ! 2017లో యాక్టివిజన్‌కు ఒక పేటెంటు దొరికింది: ఆటలో వస్తువులు కొనాలన్న కోరిక పుట్టే విధంగా ఎవరిని ఎవరితో జతపరచాలో నిర్ణయించే పద్ధతి అది. ఏ ఆటలోనూ వాడలేదని కంపెనీ అన్నది. వాడినా తెలుసుకునే దారి ఆటగాడికి లేదు. గెలుపోటములను లోపలినుంచి అమర్చే అధికారం తన దగ్గర పెట్టుకున్నవాడు నిజాయితీని గురించి మనకు పాఠాలు చెబుతున్నాడు.

డబ్బు పందెం వున్న చోట ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాము ఆరుగురాడే పోకరులో ఆరితేరిన ఆటగాళ్ళను మించింది. దానికి చదువు చెప్పటానికి అద్దె కంప్యూటర్ల ఖర్చు 150 డాలర్లకు లోపే. ఆన్‌లైను పోకరు నాశనమవుతుందన్న భయంతో దాని ప్రోగ్రామును బయటపెట్టలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైను డబ్బు ఆటలను నిషేధించినాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ అట్లాంటి చట్టమే తెచ్చింది. రమ్మీ పిచ్చిలో అప్పులపాలై వురిపోసుకున్నవారి వార్తలు చదివిన మనం ఈ నిషేధాలను కాదనలేం. అయితే పందెం తీసేసిన ఆటలో ఆటగాడికి న్యాయం తనంతట తానే రాదు. డబ్బు పోగొట్టుకున్నవాడిలాగే కాలం పోగొట్టుకున్నవాడు, పేరు పోగొట్టుకున్నవాడు కూడా నష్టపోయినవాడే.

అయితే ఏం చేయాలి? యంత్రాలను పగలగొట్టమని నేను చెప్పటం లేదు. కృత్రిమ మేధ తొండిని కంటితో పట్టటం కష్టమైనప్పుడు యంత్రం సహాయం అవసరమే. యంత్రం సాక్షిగా వుండవచ్చు, న్యాయాధిపతిగా వుండరాదు. మొదట చేయవలసింది జేబులో పెట్టిన పరాయి ముక్కలు తీసేయటం. గోడ వెనకవాడి జాడను అవసరం వచ్చేదాకా సర్వరు తన దగ్గరే వుంచుకోవచ్చు. వాలొరాంట్‌లో రయట్ కంపెనీయే 2020లో ఇట్లా చేసి చూపింది. దీనికి ఎవరి కంప్యూటరులోకీ తొంగిచూడనక్కరలేదు. కంపెనీ సర్వర్ల మీద ఖర్చు పెట్టాలి, అంతే. కాపలా ఖర్చు ఆటగాడి ఏకాంతంలో నుంచి తీయటం చౌక గనుక కంపెనీలు ఆ దారి తొక్కుతున్నాయి.

ఆ తరవాతది తీర్పు సంగతి. నేరం ఏమిటో చెప్పాలి; ఆధారమైన ఆటను నిందితుడికి చూపాలి; కంపెనీ జీతగాడు కానివారి ముందు అప్పీలుకు అవకాశం వుండాలి; కంపెనీ పెట్టిన బాట్లకు బాట్లని పేరు పెట్టాలి. ఇవన్నీ కలల్లో కోరికలని కొట్టిపారేయకండి. 2010లో ఫ్రాన్సులో మొదలైన లిచెస్ అనే చదరంగం సంస్థకు వాటాదారులు లేరు, ప్రకటనలు లేవు, చందాలు కట్టేవారి విరాళాలమీద నడుస్తుంది. దాని ప్రోగ్రాము అందరికీ తెరిచి వున్నది. తొండిని అనుమానించే ఇర్విన్ అనే దాని న్యూరల్ నెట్‌వర్కును కూడా ఎవరైనా విప్పి చూడవచ్చు. స్వచ్ఛందంగా పనిచేసే మనుషులు ఫిర్యాదులను చూస్తారు. శిక్ష పడ్డవాడు అప్పీలు చేసుకోవచ్చు. పద్ధతి బయటపెడితే తొండిగాళ్ళు తెలివిమీరుతారన్న కంపెనీల వాదానికి ఇంతకు మించిన జవాబు అక్కరలేదు. అక్కడ కూడా తొండి వున్నది, పట్టటమూ వున్నది, లేనిదల్లా చీకటి.

చదరంగం వేరు, తుపాకి ఆట వేరు అంటారా? 1999లో కౌంటర్ స్ట్రైక్ పుట్టినప్పుడు దాన్ని తయారుచేసినవారూ, సర్వర్లు నడిపినవారూ చాలావరకు ఆటగాళ్ళే. తొండి చేసినవాణ్ణి ఆ సర్వరు నడిపేవాడే బయటికి పంపేవాడు; అతను అన్యాయం చేస్తే జనం మరో సర్వరుకు పోయేవారు. మన పట్నాల ఇంటర్నెట్ సెంటర్లలో పక్కపక్కన కూర్చుని ఆడిన తరానికి ఇది గుర్తుండాలి. ఆ ఏర్పాటులో లోపాలు లేవనను. చిన్న నియంతలు అక్కడా వున్నారు. కాని ఆ నియంతను వదిలిపోయే స్వేచ్ఛ ఆటగాడికి వుండేది. ఇప్పుడు సర్వరు, ఆట, ఖాతా, కొన్న వస్తువులు, తీర్పు అన్నీ ఒకే చోట వున్నాయి గనుక వెళ్ళగొట్టినవాడికి పోవటానికి చోటు లేదు.

ఆట సంగతికి ఇంత రాద్ధాంతం అవసరమా అని ఇప్పటికీ అనేవారుంటే హైదరాబాదు వీధుల్లో మోటారుసైకిలు మీద అన్నం మోసుకుపోయే యువకుణ్ణి అడగండి. ఒక వుదయం అతని ఐడీ బ్లాకు అవుతుంది. ఏదో యంత్రం అతని నడకలో మోసం కనిపెట్టింది. ఏ మోసమో చెప్పేవాడు లేడు. ఇంట్లో కూర్చుని పరీక్ష రాసే విద్యార్థి చూపు పక్కకు తిరిగితే కెమెరా వెనక యంత్రం కాపీ అని గుర్తు పెడుతుంది. ఆటలో పద్దెనిమిదేళ్ళకే ఈ తీర్పులకు తలవంచటం అలవాటైనవాడు పనిలో ఇరవై రెండేళ్ళకు వాటిని ఎదిరిస్తాడా?

విద్యార్థి మిత్రులకు నా విజ్ఞప్తి ఒక్కటే. మీ కళాశాలల్లో ఈ ఆటల పోటీలు ఏటా జరుగుతున్నాయి. వచ్చేసారి సొంత సర్వరు పెట్టుకోవటానికి వీలున్న ఆటనే ఎంచుకోండి. నియమాలు మీరే రాసి గోడకు అంటించండి. తొండి ఆరోపణ వస్తే ఆ ఆటను అందరి ముందు తిరిగి వేసి చూపండి; మీరు ఎన్నుకున్న అయిదుగురు దాన్ని విచారించనివ్వండి; నిందితుణ్ణి మాట్లాడనివ్వండి. తొండి రుజువైతే నిర్దాక్షిణ్యంగా బయటికి పంపండి. వుపాధ్యాయ మిత్రులు ఆ గదికి తాళంచెవి ఇప్పించండి, వీలైతే వెనక బెంచీలో కూర్చుని వినండి.